ఎవరెవరున్నారు లోపల?

అమ్మలూ, వాట్సాప్‌లో నీ స్నేహితురాలి పేరు కింద ‘ఆన్‌లైన్’ అని కనపడగానే “ఉంది తాతయ్యా, ఫోను చేతిలోనే ఉంది” అని గట్టిగా చెప్తావు కదా. ఆ సంగతి నీ ఫోనుకి ఎవరు చెప్పారంటావు? అది ఆ పిల్ల గదిలోకి తొంగి చూసిందా? ఆ పిల్ల ఫోను బల్ల మీద పడేసి అన్నం తింటూ ఉండొచ్చు. వాళ్ల తమ్ముడు అక్క ఫోను తీసుకుని ఆడుకుంటూ ఉండొచ్చు. కంప్యూటరుకి మనిషి తెలియదమ్మా. మనిషి వదిలిన ఆనవాళ్లే తెలుసు. ఆ ఆనవాళ్లు చూసి మనకొక మాట చెప్తుంది, మనం నమ్ముతాం.

ఆ ఆనవాళ్లేమిటో చూడాలంటే ఫోను పక్కన పెట్టి ఆ నల్ల తెర తియ్యాలి. అదే, టెర్మినల్. అందులో బొమ్మలుండవు, బటన్లుండవు, ఒక మాట టైపు చేస్తే ఒక జవాబు వస్తుంది. నాకు అదంటే ఇష్టం, ఎందుకంటే అక్కడ దేన్నైనా మూత తీసి చూడొచ్చు. ఫోను మూత తియ్యనివ్వదు.

ఇప్పుడు మనింట్లో మనిషికి రెండేసి కంప్యూటర్లున్నాయి, ఫోన్లతో కలిపి. 1960లలో లెక్క తిరగేసి ఉండేది: ఒక్క కంప్యూటరుకి పదులకొద్దీ మనుషులు. అమెరికాలో ఎం.ఐ.టి.లో ఫెర్నాండో కార్బాటో బృందం 1961 నవంబరులో ‘సీటీఎస్‌ఎస్’ అనే పద్ధతి చేసి చూపించింది. ఎవరి టైపు మిషను ముందు వాళ్లు కూర్చుంటారు. యంత్రం ఒకరి పని కొంచెం, ఇంకొకరి పని కొంచెం చేసుకుంటూ చకచకా తిరుగుతుంది. ప్రతివాడికీ అది తన సొంతమే అనిపిస్తుంది. తర్వాతి రోజుల్లో ‘టెలిటైప్ 33’ అనే మిషను అన్నిచోట్లా కనపడేది. సెకనుకి 10 అక్షరాలు కాగితం మీద టకటకా కొట్టేది. ఇప్పటికీ లినక్స్‌లో టెర్మినల్ని ‘టిటివై’ అంటారు చూడు, అది ఆ టెలిటైప్ పేరే.

ఒకే యంత్రం మీద ఇంతమంది కూర్చున్నాక, ‘ఇంకెవరున్నారు?’ అనే ప్రశ్న దానంతటదే వస్తుంది. స్నేహం కోసమే కాదు. యంత్రం నత్తనడక నడుస్తుంటే ఎవడు పెద్ద లెక్క పెట్టాడో తెలియాలి. దాన్ని ఆపి మళ్లీ మొదలుపెట్టాలంటే ఎవరి పని మధ్యలో పోతుందో తెలియాలి. బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ చేసిన యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టంకి తొలి కరపుస్తకం 1971 నవంబరు 3 తేదీతో వచ్చింది. అందులో ‘హూ’ అనే ఆజ్ఞ ఉంది: ఎవరున్నారో చెప్తుంది. ‘రైట్’ ఉంది: ఉన్నవాళ్ల తెర మీదికి మన మాట పంపుతుంది. ‘మెసేజ్’ ఉంది: నన్నిప్పుడు పలకరించొద్దని చెప్పడానికి. తొలి పుస్తకంలోనే ఈ మూడూ ఉన్నాయంటే చూడు! నీ ఫోను ఇవాళ చేసేదీ ఆ మూడు పనులే. మిగతాదంతా రంగులు.

‘హూ’ అని కొడితే వచ్చేది ఒక చిన్న పట్టిక. ఒక్కో వరసలో మనిషి పేరు, ఏ టెర్మినల్ మీద ఉన్నాడు, ఎప్పుడు లోపలికి వచ్చాడు. ఇదెలా తెలుస్తుందనుకున్నావు? దీని వెనక పెద్ద తెలివేమీ లేదు. నువ్వు పేరు, పాస్‌వర్డ్ ఇచ్చి లాగిన్ అవగానే, ఆ లాగిన్ ప్రోగ్రాం ‘యూటీఎంపీ’ అనే ఫైల్లో ఒక వరస రాస్తుంది. నువ్వు బయటికి వెళ్లగానే ఆ వరసని ఖాళీ చేస్తారు. ‘హూ’ చేసేదల్లా ఆ ఫైలు చదివి మన భాషలో చూపించడం. దానికి తోడు ‘డబ్ల్యూటీఎంపీ’ అని ఇంకో ఫైలుంది. అందులో ఏదీ చెరపరు, వచ్చినవీ వెళ్లినవీ వరసగా చేరుతూనే ఉంటాయి. ‘లాస్ట్’ అనే ఆజ్ఞ దాన్ని వెనకనుంచి ముందుకి చదువుతుంది. ఎవరు అర్ధరాత్రి రెండింటి దాకా కూర్చున్నారో అందులో దొరికిపోతుంది.

పేరంటానికి వెళ్తే గుమ్మం ముందు చెప్పులు చూసి లోపల ఎవరెవరున్నారో మీ అమ్మమ్మ చెప్పేస్తుంది కదా, యూటీఎంపీ అలాంటిదే. చెప్పులున్నాయి కాబట్టి మనిషి ఉండాలి. సాధారణంగా నిజమే. కానీ ఎవరో చెప్పులు మరిచి వెళ్లిపోయారనుకో? పాత రోజుల్లో మోడెం లైను మధ్యలో తెగిపోతే, కొన్నిసార్లు ఆ వరస చెరపకుండా ఉండిపోయేది. మనిషి ఇంటికెళ్లి నిద్రపోతుంటాడు, ‘హూ’ మాత్రం ఇక్కడే ఉన్నాడని చెప్తుంటుంది. మేం అలాంటి వరసల్ని దయ్యాలనేవాళ్లం.

ఉన్నాడు సరే, మేలుకుని ఉన్నాడా? దానికి ‘డబ్ల్యూ’ అనే ఒంటి అక్షరం ఆజ్ఞ ఉంది. అది ‘హూ’ చెప్పేదంతా చెప్పి, ఎవరు ఏ ప్రోగ్రాం నడుపుతున్నారో కూడా చెప్పి, మధ్యలో ‘ఐడిల్’ అని ఒక గడి చూపిస్తుంది. ఆ మనిషి కీబోర్డు తాకి ఎంతసేపయిందో ఆ గడిలో ఉంటుంది. ఇదెలా కనుక్కుంటుందన్నది నాకు భలే నచ్చిన సంగతి. యూనిక్స్‌లో టెర్మినల్ కూడా ఒక ఫైలే. ప్రతి ఫైలుకీ ‘చివరిసారి ఎప్పుడు చదివారు’ అనే సమయం రాసి ఉంటుంది. నువ్వు మీట నొక్కితే ఆ అక్షరాన్ని ఏదో ఒక ప్రోగ్రాం ఆ టెర్మినల్ ఫైలు నుంచి చదువుతుంది, దాంతో ఆ సమయం మారుతుంది. ఇప్పటి సమయంలోంచి ఆ సమయం తీసేస్తే ఐడిల్ వచ్చేసింది. ఒకటో తరగతి తీసివేత. దానికోసం ఎవరూ ప్రత్యేకంగా ఏ మీటరూ బిగించలేదు, వేరే పనికి ఉంచిన అంకెనే వాడుకున్నారు.

ఆ అంకె ఎంత గుట్టు విప్పుతుందో జనానికి చాలా ఆలస్యంగా తట్టింది. నువ్వు పాస్‌వర్డ్ కొడుతున్నప్పుడు పక్కవాడు నీ టెర్మినల్ ఫైలు సమయాన్నే చూస్తూ కూర్చున్నాడనుకో. ప్రతి మీటకీ అది మారుతుంది కాబట్టి ఎన్ని మీటలు నొక్కావో, మధ్యలో ఎంతెంత ఆగావో తెలిసిపోతుంది. పాస్‌వర్డ్ తెలియకపోయినా దాని పొడవు తెలిసిందిగా! 2013లో, యూనిక్స్ బాటలోనే నడిచే లినక్స్ వాళ్లు దీన్ని సరిదిద్దారు. ముందు ఆ సమయం మార్చడమే ఆపేశారు. వెంటనే, మా ‘డబ్ల్యూ’ పని చెయ్యట్లేదని గోల. చివరికి మధ్యే మార్గం: సమయం మారుతుంది, కానీ 8 సెకన్ల మెట్లలోనే. ఎవరు మెలకువగా ఉన్నారో తెలియడానికి ఆ మాత్రం చాలు, మీటలు లెక్కపెట్టడానికి చాలదు. ఇలాంటి సర్దుబాటు చూస్తే నాకు ముచ్చటేస్తుంది.

అయితే ఐడిల్ చెప్పేది చేతుల సంగతి, బుర్ర సంగతి కాదు. ముప్పావుగంట కాగితం మీద లెక్క కట్టుకుంటూ కూర్చున్నవాడూ, కాఫీ తాగడానికి వెళ్లినవాడూ దాని దృష్టిలో ఒకటే. ఇప్పటి ఆఫీసుల్లో టీమ్స్ అని వాడతారే, అందులోనూ కదలిక లేకపోతే 5 నిమిషాలకి పచ్చ చుక్క పసుపు రంగుకి మారుతుంది. మీ నాన్న ఫోను మాట్లాడుతూ మధ్యమధ్యలో మౌసు కదుపుతాడు చూడు, అందుకే. మౌసుని దానంతటదే కదిపే యంత్రాలు బజార్లో అమ్ముతున్నారు! 2024లో అమెరికాలో ఒక పెద్ద బ్యాంకు, కీబోర్డు మీద పని చేస్తున్నట్టు నటించారని డజనుకి పైగా ఉద్యోగుల్ని తీసేసింది. యాభై ఏళ్ల కిందటి తీసివేత లెక్కకి ఉద్యోగాలు ముడిపెడితే ఇలాగే ఉంటుంది. నటించినవాళ్లని అనే ముందు ఆ లెక్కని నమ్ముకున్న మేనేజర్లని అనాలి.

ఇక పలకరింపు. ‘రైట్’ అని కొట్టి స్నేహితుడి పేరు రాస్తే, నీ మాటలు సూటిగా అతని తెర మీద పడతాయి. అతను ఉత్తరం రాసుకుంటున్నాడా, ప్రోగ్రాం దిద్దుకుంటున్నాడా, దానికి అక్కర్లేదు. మధ్యలో వచ్చి పడుతుంది. ఇద్దరూ ఒకేసారి కొడితే అక్షరాలు కలగాపులగం. అందుకని నా మాట పూర్తయింది అనడానికి చివర ‘ఓ’ అని కొట్టడం, పూర్తిగా ముగించడానికి ‘ఓ ఓ’ అని కొట్టడం అలవాటు చేసుకున్నారు. వైర్‌లెస్ వాళ్లు ‘ఓవర్’, ‘ఓవర్ అండ్ అవుట్’ అంటారే, అదన్నమాట. విసుగు పుడితే ‘మెసేజ్ ఎన్’ అని కొట్టాలి. లోపల జరిగేది చిన్న పనే: నీ టెర్మినల్ ఫైలు మీద ఇతరులకి రాసే అనుమతి తీసేస్తుంది. అంతటితో ఎవరి మాటా లోపలికి రాదు. మన దగ్గర కాలేజీల్లో ఒక్క యూనిక్స్ సర్వరూ, దానికి వేళ్లాడే డంబ్ టెర్మినళ్లూ ఉన్న రోజుల్లో ల్యాబు క్లాసులో పిల్లలకి ముందు వంటబట్టిన ఆజ్ఞలు ఇవే. సి ప్రోగ్రాం రాదు గానీ ‘రైట్’ వచ్చేది.

1983లో బర్క్‌లీ వాళ్ల యూనిక్స్‌తో ‘టాక్’ వచ్చింది. తెర అడ్డంగా రెండు ముక్కలవుతుంది. పైన నువ్వు, కింద అవతలివాళ్లు. గమ్మత్తేమిటంటే అక్షరం అక్షరం అప్పటికప్పుడు కనపడుతుంది. నువ్వు ఒక మాట కొట్టి, బాగోలేదని చెరిపి, ఇంకో మాట కొడితే, అదంతా అవతలివాళ్లు చూస్తూనే ఉంటారు. ‘టైపింగ్…’ అని మూడు చుక్కలు చూపించి ఊరించడం లేదు. తడబాటు తడబాటుగానే కనపడేది.

ఇప్పుడు అసలు కథలోకి వస్తాను. ‘హూ’కి ఒక లోటుంది. అది చూపించేది లాగిన్ పేర్లు, టెర్మినల్ నంబర్లు. మనుషుల్ని కాదు. స్టాన్‌ఫర్డ్ కృత్రిమ మేధ ప్రయోగశాలలో లెస్ ఎర్నెస్ట్ అనే ఆయన ఉండేవారు. జనం ఆ పట్టిక మీద వేలు పెట్టి ఒక్కో వరసా కిందికి జరుపుకుంటూ తెలిసినవాడి గుర్తు కోసం వెతకడం ఆయన చూశారు. ఆ పని కంప్యూటరు చెయ్యలేదా అని 1971 ప్రాంతంలో ‘ఫింగర్’ అనే ప్రోగ్రాం రాశారు. అది పూర్తి పేరు చెప్తుంది, ఆ టెర్మినల్ ఏ గదిలో ఉందో చెప్తుంది, ఇప్పుడు లేకపోతే చివరిసారి ఎప్పుడున్నాడో చెప్తుంది. మీ వాట్సాప్‌లో ‘లాస్ట్ సీన్’ అని మురిసిపోతారే, దానికి ముత్తాత ఇది. అంతేకాదు, తర్వాత వచ్చిన యూనిక్స్ ఫింగర్ ఇంకో అడుగు ముందుకేసి, ‘ఇతనికి కొత్త ఉత్తరం వచ్చింది, ఫలానా రోజు నుంచీ చదవలేదు’ అని కూడా చెప్పేసేది. నీలం టిక్కుల గురించి నువ్వూ నీ స్నేహితురాలూ మొన్న పోట్లాడుకున్నారు కదా, ఆ పోట్లాట మీ కాలంలో పుట్టింది కాదు తల్లీ.

ఫింగర్ వాడేవాళ్లు కొన్నాళ్లకి ఎర్నెస్ట్‌ని ఇంకోటి అడిగారు. మేం ఎందుకు లేమో, ఎక్కడ దొరుకుతామో మేమే రాసి పెట్టుకోవచ్చా అని. అలా ‘డాట్ ప్లాన్’ అనే ఫైలు పుట్టింది. నీ డైరెక్టరీలో ఆ పేరుతో ఒక ఫైలు పెట్టి నీ ఇష్టమొచ్చింది రాసుకో. ఎవరైనా నీ పేరుతో ఫింగర్ కొడితే అది చూపిస్తుంది. ఊరెళ్తున్నాను, సోమవారం వస్తాను. థీసిస్ రాస్తున్నాను, కదిలించొద్దు. ఏమీ రాయకపోతే ‘నో ప్లాన్’ అని వస్తుంది. అలా చూపించుకోవడం నామోషీ అని ఏదో ఒకటి రాసేవారు. పద్యాలు, జోకులు, అక్షరాలతో కూర్చిన బొమ్మలు.

యూటీఎంపీలో వరస యంత్రం రాసింది. ఐడిల్ గడి నీ వేళ్లు రాసింది. డాట్ ప్లాన్ మాత్రం నువ్వు రాసింది. మొదటి రెండూ నీకు తెలియకుండా నీ గురించి చెప్పేవి, మూడోది నువ్వు చెప్పదలుచుకుంది. వీటిలో నేను నమ్మేది మూడోదాన్నే. అబద్ధం రాయొచ్చు, నిజమే. కానీ అది కనీసం మనిషి చెప్పిన అబద్ధం. చుక్క చెప్పే అబద్ధానికి పూచీ ఎవరిది?

ఒక యంత్రంలో పుట్టిన ఫింగర్ ఊళ్లు దాటింది. 1977 డిసెంబరులో కెన్ హారెన్‌స్టీన్ దానికి నియమాలు రాసి, ఆర్‌ఎఫ్‌సీ 742 అనే నంబరుతో, ఇంటర్నెట్‌కి ముందరి నెట్‌వర్క్ అయిన అర్పానెట్ వాళ్లకిచ్చారు. ఆ నియమాలు ఎంత చిన్నవంటే నీకు ఇప్పుడే చెప్పేస్తాను. అవతలి కంప్యూటరు 79వ పోర్టు, అంటే 79వ నంబరు తలుపు, తట్టు. ఒక్క వరసలో పేరు పంపి ఎంటర్ కొట్టు. అది తనకి తెలిసింది చెప్పి లైను కట్ చేస్తుంది. అయిపోయింది. పాస్‌వర్డు లేదు, ‘మీరు ఎవరండీ అడగడానికి’ అనడం లేదు. పేరు లేకుండా ఖాళీ వరస పంపితే ఆ యంత్రం మీద ఉన్న అందరి జాబితా ఇచ్చేస్తుంది.

అడిగితే జవాబు చెప్పే ఇంత తేలిక పద్ధతి దొరికాక, జనం మనుషుల దగ్గరే ఎందుకు ఆగుతారు? కార్నెగీ మెలన్ యూనివర్సిటీ కంప్యూటర్ విభాగంలో కోక్ సీసాలిచ్చే మిషను ఒకటుండేది. గదులేమో దూరం. అంత దూరం నడిచి వెళ్తే మిషను ఖాళీగా ఉండేది, లేదా అప్పుడే నింపిన వెచ్చటి సీసా చేతికొచ్చేది. 1982 ప్రాంతంలో దాని లోపల చిన్న స్విచ్చులు బిగించి కంప్యూటరుకి కలిపారు. ఏ అరలో సీసాలున్నాయి, పెట్టి ఎంతసేపయింది అని అది లెక్కపెట్టేది. 3 గంటలు దాటితే చల్లబడినట్టు. కుర్చీలోంచి లేవకుండా ఫింగర్ కొట్టి, చల్లటి సీసా ఏ అరలో ఉందో తెలుసుకుని బయల్దేరేవారు. ఈ సరదా ఎంతదాకా పోయిందంటే, 1991 డిసెంబరులో డేవిడ్ జిమ్మర్‌మన్ ఫింగర్ నియమాలు తిరగరాసినప్పుడు ఆర్‌ఎఫ్‌సీ 1288లో సరుకులమ్మే మిషన్ల కోసం ఒక పేరా పెట్టారు. అలాంటి మిషన్ని పేరు లేకుండా అడిగితే ప్రస్తుతం అమ్మకానికి ఏమేమున్నాయో జాబితా చెప్పాలి అని! వాషింగ్టన్ యూనివర్సిటీ భూభౌతిక విభాగం వాళ్లు ‘క్వేక్’ అనే పేరుతో ఒక అకౌంటు పెట్టారు. దాన్ని ఫింగర్ చేస్తే ఈ మధ్య ఎక్కడెక్కడ భూకంపాలొచ్చాయో చెప్పేది. ‘క్వేక్’ అనే ఆట రాసిన జాన్ కార్మాక్ రోజూ ఏ తప్పు దిద్దాడో డాట్ ప్లాన్‌లో రాసుకునేవాడు. ఆట అభిమానులు ఎక్కడెక్కడినుంచో ఫింగర్ కొట్టి చదివేవారు.

అమెరికాలో ఎమ్మెస్ చెయ్యడానికి వెళ్లిన మన పిల్లలకి కూడా ఇది అక్కరకొచ్చింది. ఒకడు టెక్సాస్‌లో, ఒకడు ఒహాయోలో. అప్పటి దూరపు ఫోను కాల్ అంటే జేబుకి చిల్లు. ముందు ఫింగర్ కొట్టి, వాడు ల్యాబులో ఉన్నాడా, ఐడిల్ ఎంతుంది అని చూసుకుని, అప్పుడు టాక్ మోగించేవారు. యూజ్‌నెట్‌లో తెలుగువాళ్ల కోసం ప్రత్యేకంగా ఒక చర్చా వేదిక ఉండేది. రైస్ యూనివర్సిటీలో పుట్టిన ఆర్‌టీఎస్ పద్ధతిలో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసేవారు. అదంతా ఈ నల్ల తెర మీద నడిచిన సంసారమే. మన దేశంలో 1995 ఆగస్టు 15న వీఎస్‌ఎన్‌ఎల్ జనానికి ఇంటర్నెట్ ఇచ్చినప్పుడు కూడా, తక్కువ డబ్బుకి దొరికింది ‘షెల్ అకౌంట్’. బొమ్మలు రావు, అక్షరాలే. డబ్బు తక్కువ కాబట్టి కొనుక్కున్నవాడికి యూనిక్స్ ఊరికే వచ్చేది.

మరి అంత మంచి ఫింగర్ ఇప్పుడు దాదాపు ఎక్కడా ఎందుకు పలకదు? 1988 నవంబరు 2 రాత్రి కార్నెల్ విద్యార్థి రాబర్ట్ మోరిస్ ఇంటర్నెట్ మీదికి ఒక ‘పురుగు’ని వదిలాడు. తనంతట తాను ఒక యంత్రం నుంచి ఇంకో యంత్రానికి పాకే ప్రోగ్రాం. అది లోపలికి దూరడానికి వెతుక్కున్న కన్నాల్లో ఒకటి ఫింగర్ జవాబిచ్చే ప్రోగ్రాములో ఉంది. వచ్చే ప్రశ్న కోసం అది 512 బైట్ల చోటు ఉంచుకుంది. వచ్చింది అందులో పడుతుందా లేదా అని మాత్రం చూడదు. పురుగు 536 బైట్లు పంపింది. ఎక్కువైన 24 బైట్లు ఆ పక్కనున్న చోటు మీద పడ్డాయి. ‘ఈ పని అయ్యాక ఎక్కడికి వెళ్లాలి’ అని కంప్యూటరు రాసుకున్న చిరునామా అక్కడే ఉంది. అది చెరిగి పురుగు చెప్పిన చిరునామా వచ్చింది. వాక్స్ రకం యంత్రాలు దాన్ని బుద్ధిగా పాటించి తలుపు తెరిచాయి. దీనికీ, ఇంకా వేరే కన్నాలకీ కలిపి సుమారు 6,000 యంత్రాలు చిక్కాయని చెప్పుకున్నారు. అది అంచనా లెక్కే. మోరిస్‌కి 3 ఏళ్ల ప్రొబేషను, 400 గంటల సేవ, 10,050 డాలర్ల జరిమానా పడ్డాయి.

ఆ కన్నం పూడ్చడం పెద్ద పని కాదు, పూడ్చేశారు కూడా. కానీ జనం కళ్లు తెరిచారు. ఎవడు పడితే వాడు తలుపు తట్టి లోపల ఎవరున్నారో, ఎప్పుడు పడుకుంటారో తెలుసుకోవచ్చా? 1986లో లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలలో దూరిన జర్మనీ దొంగ కథని క్లిఫర్డ్ స్టోల్ పుస్తకంగా రాశాడు. ఆ దొంగ లోపలికి రాగానే చూసుకునేది సిస్టం మేనేజర్లు ఎవరైనా ఉన్నారా అనే. నీకు స్నేహితుడు ఉన్నాడో లేడో చెప్పే ఆజ్ఞే వాడికి కావలి ఉన్నాడో లేడో చెప్పింది. అలా ఒక్కొక్క సంస్థా 79వ పోర్టు మూసేసుకుంటూ పోయింది.

ఇంతవరకూ చెప్పిన పద్ధతి: నువ్వు వెళ్లి అడుగు, అది చెప్తుంది. దీనికి తిరగబడ్డ పద్ధతి ‘ఆర్‌హూ’. ఇదీ బర్క్‌లీ వాళ్లదే. ఒక భవనంలో ఉన్న ప్రతి యంత్రమూ కొన్ని నిమిషాలకోసారి తన దగ్గర ఎవరున్నారో నెట్‌వర్క్ అంతటా చాటింపు వేస్తుంది. మిగతావి విని రాసి పెట్టుకుంటాయి. ఏ యంత్రమైనా 11 నిమిషాల పాటు ఉలకకపోతే అది పడిపోయినట్టు లెక్క. పది యంత్రాలుంటే బాగానే ఉంటుంది. వంద ఉంటే? ప్రతి చాటింపునీ తొంభై తొమ్మిది మంది వినాలి. ఒక్క విడతకి దగ్గర దగ్గర పదివేల సార్లు వినడం, రాసుకోవడం. యంత్రాలు పదింతలైతే పని వందింతలు. అందరూ అందరికీ చెప్పడం ఊరంతటికీ సాగదు.

పోనీ అందర్నీ మాటిమాటికీ అడుగుదామా? 1988 ఆగస్టులో ఫిన్లాండ్‌లోని ఊలులో యార్కో ఓయికారినెన్ మొదలుపెట్టిన ఐఆర్‌సీలో అలాంటి ఏర్పాటే ఉంది. పేర్ల జాబితా ఇచ్చి, వీళ్లలో ఎవరున్నారు అని సర్వర్ని అడుగుతుంటారు. నీకు 50 మంది స్నేహితులనుకో. నిమిషానికోసారి ఒక్కొక్కరి సంగతీ అడిగితే రోజుకి 72,000 ప్రశ్నలు. వాళ్లలో ఒక్కొక్కరు రోజుకి పదిసార్లు వచ్చి వెళ్తారనుకున్నా, కొత్త కబురు 1,000 సార్లే. మిగతా 71,000 ప్రశ్నలకీ జవాబు ‘ఇందాకటిలాగే’. కాబట్టి తెలివైన పద్ధతి, ‘మార్పు వచ్చినప్పుడు నాకు చెప్పు’ అని ఒకసారి చెప్పి ఊరుకోవడం. 1996లో ఐసీక్యూ, 1997లో ఏఓఎల్ వాళ్ల మెసెంజరు జనానికి అలవాటు చేసిన స్నేహితుల జాబితా ఇదే దారిలో నడిచింది. 1999లో జెరెమీ మిల్లర్ బయటపెట్టిన జాబర్ దాన్ని అందరికీ తెలిసే నియమాలుగా మార్చింది. అందులో నాకు నచ్చేది అనుమతి. నువ్వు ఉన్నావో లేదో నేను చూడాలంటే ముందు నిన్ను అడగాలి, నువ్వు సరేననాలి. ‘ఉన్నాను’, ‘లేను’ మాత్రమే కాదు, కబుర్లకి సిద్ధం, పక్కకెళ్లాను, చాలాసేపటిదాకా రాను, కదిలించొద్దు అని నాలుగు రకాలు ఉన్నాయి. నల్ల తెర మీద వాడాలంటే ‘ప్రొఫానిటీ’ అనే ప్రోగ్రాం దొరుకుతుంది. పేరు బాగోలేదు గానీ పని బాగా చేస్తుంది. అందులో స్లాష్ పెట్టి ‘హూ ఆన్‌లైన్’ అని కొడితే నీ స్నేహితుల్లో ఉన్నవాళ్ల జాబితా వస్తుంది. అదే ‘హూ’!

ఇంత చేసినా ఒక చిక్కు తీరలేదు. మనిషి చెప్పి వెళ్తే సరే. చెప్పకుండా పోతే? లిఫ్టులో సిగ్నల్ పోయిందనుకో, నీ ఫోను ‘వెళ్తున్నాను’ అని చెప్పలేదు కదా. టీసీపీ అనే ఇంటర్నెట్ లైను మాట లేనంతసేపూ మౌనంగానే ఉంటుంది. అవతలివాడు ఊరుకున్నాడా, తీగ తెగిందా అని దానికి తేడా తెలియదు. ‘ఉన్నావా’ అని తట్టి చూసే ఏర్పాటు లినక్స్‌లో ఉంది, కానీ ఎవరూ మార్చకపోతే అది తట్టేది 2 గంటల మౌనం తర్వాత. అందుకే ఈ మాటల ప్రోగ్రాములన్నీ తమంతట తాము కొద్దికొద్ది సేపటికి తట్టి చూసుకుంటాయి. ఆ రెండు తట్టుల మధ్య నీ స్నేహితురాలి పేరు కింద వెలిగే ‘ఆన్‌లైన్’ ఇందాక చెప్పుకున్న దయ్యమే.

సరే, ల్యాపుటాపు తెచ్చావు కాబట్టి ‘హూ’ కొట్టు. నీ పేరు ఒక్కటే వస్తుంది. రెండుసార్లు వస్తే రెండు చోట్ల లాగిన్ అయ్యావన్నమాట. కొన్ని కొత్త లినక్స్‌లలో ఖాళీగా వచ్చినా కంగారు పడకు. యూటీఎంపీకి కాలం చెల్లుతోంది. అందులో సమయాన్ని 1970 జనవరి 1 నుంచి సెకన్లలో, 32 బిట్ల గడిలో రాస్తారు. ఆ గడి 2038 జనవరి 19, మంగళవారం, మన టైము ప్రకారం ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకి నిండిపోతుంది. అందుకని ఇప్పటినుంచే ఒక్కొక్కరూ దాన్ని వదిలేస్తున్నారు. 2025లో వచ్చిన డెబియన్ 13లో పాత ‘లాస్ట్’ ఆజ్ఞ లేదు, దాని బదులు వేరేది పెట్టుకోవాలి. లోపల ఎవరున్నారో చెప్పే పని సిస్టమ్‌డీ అనే ప్రోగ్రాం చూసుకుంటోంది.

ఒక్కదానివే ఉన్న కంప్యూటర్లో ‘హూ’ కొట్టడంలో మజా ఏముంది అంటావు. నిజమే. జనం ఉన్న చోటికి వెళ్లాలి. 1987 నుంచి నడుస్తున్న ఎస్‌డీఎఫ్ ఉంది. 2014లో పాల్ ఫోర్డ్ మొదలుపెట్టిన టిల్డే క్లబ్ ఉంది. పది మందీ ఒకే యూనిక్స్ యంత్రం మీద లాగిన్ అయ్యి, పాత రోజుల్లోలా ఒకరికొకరు కనపడుతూ పని చేసుకునే చోట్లు ఇవి. నువ్వూ నీ స్నేహితురాలూ చెరొక అకౌంటు తీసుకోండి. లోపలికి వెళ్లగానే ముందు డాట్ ప్లాన్ ఒకటి రాసుకో, ‘పరీక్షలు, 20 దాకా దొరకను’ అనో, నీ ఇష్టం. రాశాక ఆ ఫైలుకి ఇతరులు చదివే అనుమతీ, నీ డైరెక్టరీకి ఇతరులు లోపలికి వచ్చే అనుమతీ ‘సీహెచ్ మోడ్’తో ఇవ్వడం మరిచిపోకు. అవి లేకపోతే నువ్వెంత రాసినా ఆ పిల్ల ఫింగర్ కొట్టినప్పుడు ‘నో ప్లాన్’ అనే వస్తుంది.